పై పోర్షన్ అప్పగింత పుస్తకం: తిరుపతిలో మా ఇంటి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 27, ఆదివారం

పై పోర్షన్‌లో బాడుగకు ఉన్న అన్నా వాళ్ళు మే 18న ఖాళీ చేస్తామని నిన్న సాయంత్రం అమ్మకు చెప్పారు. నాలుగేళ్ళు ఉన్నారు, బాడుగ ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు, ఇప్పుడు ఆయనకు నెల్లూరుకు బదిలీ అయింది. వాళ్ళు వెళ్ళిపోతున్నారని అమ్మ బాధపడుతూనే, "బెడ్రూం గోడంతా చెమ్మ పట్టించినారు, అడ్వాన్సులో పట్టుకోవాల" అంది. అడ్వాన్సు 36 వేలు, అంటే మూడు నెలల బాడుగ. అందులో గోడకు తొమ్మిది వేలు, సున్నానికి ఒక నెల బాడుగ పట్టుకోవాలని ఆమె అప్పటికే లెక్క వేసి పెట్టుకుంది.

ఆ లెక్క వినగానే నాకు మనసు బాగాలేకుండా పోయింది. బెంగళూరులో నేను ఆరేళ్ళు బాడుగింట్లో ఉండి వచ్చినప్పుడు అడ్వాన్సులో 38 వేలు పోగొట్టుకున్నాను. వంటింటి టైల్ నేను చేరిన రోజే పగిలి ఉందని నాకు తెలుసు, కానీ చూపించడానికి ఒక్క ఫోటో లేదు. ఆ ఇంటాయన మాత్రం అది బాగానే ఉండేదని గట్టిగా నమ్మాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను, ఆరేళ్ళ కిందట ఒక టైల్ ఎట్లా ఉండేదో ఎవరికి గుర్తుంటుంది. అదే అన్యాయం మా అమ్మ చేతుల మీదుగా ఇంకొకరికి జరగకూడదు.

అందుకే ఈ పని మొదలుపెడుతున్నాను. ఒకటి, వెళ్ళేవాళ్ళ లెక్క సరిగ్గా తేల్చాలి. రెండు, కొత్తగా వచ్చేవాళ్ళతో కలిసి ఇంటి స్థితిని మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. రెండో దానికి అమ్మే పేరు పెట్టింది, అప్పగింత పుస్తకం అని.

మే 4, ఆదివారం

మొదటి ప్రయత్నం పూర్తిగా వృథా. పొద్దున పైకి వెళ్ళి, అక్కను (అన్న భార్యను) అడిగి, ఫోన్‌తో మూడు గదులూ, వంటిల్లూ, బాత్రూములూ అన్నీ తీశాను. కిందకు వచ్చి చూస్తే 412 ఫోటోలు. వాటిలో సగం ఏ గోడవో నాకే తెలియలేదు. తెల్ల గోడ మీద ఒక పగులు ఉంది, అది హాల్లోదా పిల్లల గదిలోదా, పెద్దదా చిన్నదా, ఫోటో చూస్తే ఏమీ అర్థం కాదు. పైగా వాళ్ళ సామాన్లు, ఆరేసిన బట్టలు, పూజ గూడు, బీరువా మీద పెట్టిన ఆధార్ కార్డులు కూడా ఫోటోల్లో పడ్డాయి. ఇంకొకరి బతుకంతా నా ఫోన్‌లోకి వచ్చినట్లనిపించి అన్నీ తీసేశాను, తీసేసినట్టు అక్కకు చూపించాను కూడా.

ఇల్లు ఖాళీ అయ్యాక, రెండు పక్షాలూ నిలబడి ఉండగా తీస్తేనే ఇది పనికొస్తుంది.

మే 11, ఆదివారం

ఈ వారం పద్ధతి కుదుర్చుకున్నాను. ముందుగా కింద మా పోర్షన్‌లో రెండు రాత్రులు కూర్చుని సాధన చేశాను, రెండు పోర్షన్ల కొలతలూ ఒకటే కాబట్టి ఇది సులువైంది.

ముందు కాగితం మీద ఇంటి ప్లాను చేత్తో గీసుకోవాలి. కొలతలు పక్కాగా ఉండక్కర్లేదు, తలుపులూ కిటికీలూ ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. ప్రతి గదికీ ఒక అక్షరం, ప్రతి గోడకూ ఒక అంకె. గది గుమ్మంలో నిలబడి ఎడమ చేతి వైపు గోడ ఒకటి, అక్కడి నుంచి ప్రదక్షిణం చేసినట్టు వరసగా రెండు, మూడు, నాలుగు. గుడి చుట్టూ తిరిగే దిక్కే కాబట్టి ఎవరికీ మళ్ళీ చెప్పనక్కర్లేదు, అమ్మకు ఒక్కసారికే పట్టుబడింది. నేల ఐదు, పైకప్పు ఆరు. హాల్లో మూడో గోడ అయితే హ3. ఆ అక్షరాలు పెద్దగా రాసిన చీటీని గోడకు ఆనించి పెట్టి ఫోటో తీస్తే, ఆ ఫోటో ఏ గోడదో పదేళ్ళ తర్వాత కూడా తెలుస్తుంది.

ప్రతి గోడకూ ముందు దూరం నుంచి ఒకటి, తర్వాత లోపం ఉన్న చోట దగ్గర నుంచి ఒకటి. దగ్గర నుంచి తీసేటప్పుడు పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాలి, దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, పగులు ఎంత పొడవో ఎంత వెడల్పో ఆ బిళ్ళతో పోల్చి చెప్పొచ్చు. లోపం లేని చోట దగ్గర ఫోటో అక్కర్లేదు. దీనితో 412 కాస్తా కింద పోర్షన్‌కు 94కు దిగింది.

అన్నిటికన్నా నాకు ఉపయోగపడింది టార్చి. మామూలు వెలుతురులో గోడ నున్నగా, బాగానే కనిపిస్తుంది. కిటికీలు మూసి, టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే, పాత పగులుకు పుట్టీ పెట్టిన చోటు, లోపల ఉబ్బిన చోటు, మేకు పీకి పూడ్చిన చోటు అన్నీ నీడలతో బయటపడతాయి. మా హాల్లో ఇట్లా చూసేదాకా, 2021 నవంబరు వానలకు నీళ్ళు నిలిచిన గీత ఇంకా గోడ మీద ఉందని నాకు తెలియదు. నేల నుంచి 14 అంగుళాల ఎత్తున, నాలుగు గోడల మీదా ఒకే వరసన ఉంది. తర్వాత రెండుసార్లు సున్నం కొట్టించాం, అయినా ఉంది.

ఆ గీత చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి వీధంతా నీళ్ళు, కరెంటు లేదు, నేను ఊర్లో లేను. అప్పుడు అమ్మను చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి మూడు రోజులు అన్నం పెట్టింది పై పోర్షన్ అక్కే.

మే 18, ఆదివారం

ఈ రోజు ఖాళీ చేశారు. లారీ వెళ్ళాక, ఇల్లు ఊడ్చి, అన్న, అక్క, అమ్మ, నేను నలుగురం కలిసి తిరిగాం. గంటన్నర పట్టింది.

మొదట కరెంటు మీటరు. సర్వీసు నంబరు, రీడింగు రెండూ ఒకే ఫోటోలో పడేలా తీశాం. దీన్ని మొదట పెట్టుకోవడానికి కారణం ఉంది. బిల్లు వచ్చేది తర్వాత, మనిషి వెళ్ళేది ముందు. పైగా ట్రూ అప్ పేరుతో పాత వాడకానికి ఇప్పుడు వేసే చార్జీలు కూడా బిల్లులో వస్తున్నాయి కాబట్టి, ఎవరు ఏ రోజు దాకా ఎన్ని యూనిట్లు వాడారో రాసి ఉండకపోతే రెండు కుటుంబాల మధ్య చిన్న మొత్తానికి పెద్ద మనస్పర్థ వస్తుంది. అన్న ఆ రోజు దాకా అయిన యూనిట్లకు లెక్క కట్టి అక్కడే ఫోన్‌లో పంపేశాడు.

పిల్లల గది తలుపు కింది మూల విరిగి ఉంది. నేను చీటీ పెట్టే లోపే అన్న, "ఇది మాదే, మా వాడు సైకిల్‌తో గుద్దినాడు, వడ్రంగి ఎంతంటే అంత పట్టుకోండమ్మా" అన్నాడు. వంటింట్లో గ్రానైట్ అరుగు అంచు పెచ్చు లేచి ఉంది, అది మాత్రం తాము రాకముందు నుంచే ఉందని అక్క చెప్పింది. అమ్మకు అట్లా గుర్తులేదు. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు, అక్కడే మాట ఆగిపోయింది. నాకు అప్పుడు తట్టింది, 2019లో మా పిన్ని కూతురి సీమంతం పైనే చేశాం, అప్పట్లో ఆ పోర్షన్ ఖాళీగా ఉండేది. పాత ఫోన్ తీసి చార్జింగ్ పెట్టి వెతికితే, అరుగు మీద గాజుల పళ్ళెం పెట్టిన ఫోటో ఒకటి దొరికింది. పళ్ళేనికి జానెడు దూరంలో అదే పెచ్చు. అమ్మ ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది మనింటిదే తల్లీ, నేనే మర్చిపోయినా" అంది.

తర్వాత పెద్ద బెడ్రూం. రెండో గోడ, అవతల బాత్రూము. నేల నుంచి రెండున్నర అడుగుల దాకా చెమ్మ, పెయింటు పొక్కులు, తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అమ్మ అభిప్రాయం, వాళ్ళు బాత్రూములో నీళ్ళు ఎక్కువ కొట్టి పాడుచేశారని. అన్న అభిప్రాయం, గోడలో పైపు కారుతోందని, రెండేళ్ళ కిందట ఒకసారి చెప్పాడు కూడా, అది అమ్మే ఒప్పుకుంది. నేను ఇద్దరినీ రెండు వారాలు గడువు అడిగాను. చెమ్మ ఎంతవరకు ఉందో చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, గీత పక్కనే అన్న సంతకం, అమ్మ సంతకం పెట్టించి ఫోటో తీశాను. అడ్వాన్సులో 25 వేలు అప్పుడే పంపేశాం, మిగతాది తేలాక.

మే 25, ఆదివారం

కత్తిరి ఎండలు. పై పోర్షన్‌లో బాత్రూము ఎవరూ వాడటం లేదు, కానీ మిద్దె మీద ట్యాంకు నిండా ఉంది, పైపుల్లో నీళ్ళ ఒత్తిడి అట్లాగే ఉంది. వాల్వు కావాలనే కట్టెయ్యలేదు. పైపు కారుతుంటే వాడినా వాడకపోయినా గోడ తడుస్తూనే ఉండాలి కదా.

వారానికి చెమ్మ పెన్సిల్ గీతకు నాలుగు అంగుళాలు కిందికి దిగింది. అమ్మ రోజూ పొద్దున పైకెక్కి అరచెయ్యి ఆనించి చూసి వస్తోంది, నేను అడగకుండానే.

జూన్ 1, ఆదివారం

గోడ ఎండిపోయింది. మధ్యలో కూడా తడి లేదు, అంటే నీళ్ళు తెచ్చే పైపుది కాదు. ఇక నేలది తేల్చాలి. బాత్రూములో నానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్ళు బయటికి పోయే రంధ్రాన్ని, గుడ్డ కుక్కి, పైన పాలిథిన్ కవరు వేసి గట్టిగా మూసేశాం. గుమ్మం దాటకుండా అంగుళం ఎత్తున నీళ్ళు నింపాం. బెడ్రూం వైపు గోడకు, పాత గీత లోపల, పారదర్శకంగా ఉండే పాలిథిన్ ముక్క ఒకటి నాలుగు వైపులా టేపుతో అతికించాను. తేమ కవరు లోపలి వైపు పడితే గోడలోంచి వస్తున్నట్టు, బయటి వైపు పడితే గాలిలో తేమ అని అర్థం.

జూన్ 2, సోమవారం

పొద్దున ఆరు గంటలకే వెళ్ళి చూశాం. కవరు లోపలి వైపు నీటి చుక్కలు. సాయంత్రానికి గోడ అడుగున అరచెయ్యంత మేర రంగు మారింది. బాత్రూము నేల నుంచే దిగుతోంది.

అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. "నాలుగేళ్ళు ఆ బిడ్డ ఆ గోడ పక్కనే మంచం వేసుకుని పండుకున్నింది" అంది. పిల్లవాడికి చలికాలంలో దగ్గు ఎక్కువగా ఉండేదని అక్క చెప్పిన మాట మా ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. ఆ దగ్గుకు చెమ్మే కారణమని నేను చెప్పలేను, కానీ ఆ గోడ బాగు చేయించాల్సింది మేము, రెండేళ్ళ కిందట చెప్పినప్పుడే చేయించి ఉండాల్సింది.

రాత్రి అన్నకు ఫోన్ చేసి అమ్మే మాట్లాడింది. తలుపుకు వడ్రంగి చెప్పిన 1,800 మాత్రం పట్టుకుని మిగతా 9,200 పంపించాం. సున్నానికి ఒక నెల బాడుగ పట్టుకోవడం కూడా మానేశాం. 2021లో వాళ్ళు వచ్చే ముందు కొట్టించిన సున్నం అది, నాలుగేళ్ళు మనుషులు కాపురం ఉంటే మాసిపోదా?

ఇక్కడ చట్టం సంగతి రాసి పెట్టుకుంటున్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, బాడుగకు ఉన్నవాళ్ళు ఇల్లు తమకు అప్పగించినప్పుడు ఎట్లా ఉందో అదే స్థితిలో తిరిగి ఇవ్వాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, మనిషి చేతిలో లేని ఉపద్రవాలకూ మినహాయింపు ఉంది. ఈ మాటలో అసలు బరువంతా "అప్పగించినప్పుడు ఎట్లా ఉందో" అనే దాని మీదే ఉంది. అది ఎక్కడా రాసి లేకపోతే ఆ సెక్షన్ ఇద్దరిలో ఎవరికీ సాయం చెయ్యదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇంకొంచెం వివరంగా ఉంది. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు మార్చడం, వైరింగు ఇంటివాళ్ళ పని. కొళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు రిపేరు, బీగాలు, కిటికీ అద్దాలు, దోమ తెరలు ఉండేవాళ్ళ పని. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని కూడా అందులో ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే కట్టుబాటు. అయినా మాకు ఈ పంపకం న్యాయంగా తోచింది, కొత్త అగ్రిమెంటులో అదే రాసుకోవాలని అమ్మా నేనూ అనుకున్నాం.

జూన్ 8, ఆదివారం

మేస్త్రి వచ్చి నానీ ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ లేపాడు. ట్రాప్ మూతికీ కాంక్రీటుకూ మధ్య వేలు దూరేంత సందు. కట్టినప్పుడే సరిగ్గా నింపలేదని ఆయన చూపించాడు. సందు నింపి, వాటర్‌ప్రూఫింగ్ పూసి, మళ్ళీ టైల్స్ వేసి, అన్నీ కలిపి 6,500 అయింది. ఆరిన తర్వాత మళ్ళీ ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూశాకే గోడకు పుట్టీ పెట్టించాం. లేపిన టైల్స్ కింద సందు ఫోటో, నింపిన తర్వాత ఫోటో, మేస్త్రి బిల్లు మూడూ పుస్తకంలో అతికించాను. ఇంకో పదేళ్ళకు ఎవరైనా ఆ బాత్రూము తవ్వాల్సి వస్తే లోపల ఏముందో తెలియాలి.

జూన్ 15, ఆదివారం

కొత్తవాళ్ళు కుదిరారు. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి, అతని భార్య, అతని తల్లి. జూన్ 26 నుంచి ఆషాఢం కాబట్టి ఆ లోపే చేరాలని, 18వ తేదీ తెల్లవారుజామున పాలు పొంగించుకుంటామన్నారు. పాలు పొంగించాక ఇంట్లో చీటీలు పట్టుకుని తిరగడం బాగుండదు, అందుకని ఈ రోజే పిలిచాను.

అబ్బాయికి మొదట ఇది నచ్చలేదు. "మేడమ్, ఇవన్నీ తర్వాత మా మీద వెయ్యడానికేనా?" అని సూటిగానే అడిగాడు. తప్పు లేదు, బాడుగకు ఉన్నవాళ్ళెవరికైనా ఆ భయం ఉంటుంది, నాకూ ఉండేది. పుస్తకంలో బెడ్రూం గోడ కథంతా, 1,800 దాకా, చదివి వినిపించాను. పెన్సిల్ గీత పక్కన రెండు సంతకాల ఫోటో చూశాక అతను నెమ్మదించాడు.

కానీ ఈ రోజు పని నడిపించింది అతని తల్లి. నేను చీటీలు, బిళ్ళ, టార్చి పట్టుకుని తిరుగుతుంటే ఆమె చెంబుతో నీళ్ళు తీసుకుని వంటింటి సింకు వెనక మూలలో పోసింది. నీళ్ళు సింకులోకి రాలేదు, గోడ వైపుకు పోయి నిలిచాయి. "వాటం లేదు పాపా, ఇక్కడ బూజు పడతాది, రాసుకో" అంది. నా 94 ఫోటోల పద్ధతిలో వాటం అనే మాటే లేదు. తర్వాత ఆమె చేసినవన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. నేల మీద బిళ్ళతో తట్టుకుంటూ వెళ్ళి డొల్ల శబ్దం వచ్చే టైల్స్ తొమ్మిది కనిపెట్టింది, వాటికి ప్లానులో గుర్తు పెట్టాం, రేపు ఏదైనా బరువు పడి పగిలితే అది కింద సిమెంటు సరిగ్గా లేనందువల్ల అని తెలుస్తుంది. కడప బండల షెల్ఫుల మీద చెయ్యి వేసి ఒక్కొక్కటీ ఊపి చూసింది, సజ్జ కింద మూడోది కదులుతోంది. తలుపులు సగం తీసి వదిలేసింది, వాటంతటవే మూసుకుంటే బందులు వాలినట్టు. కిటికీ చెక్కల అడుగున పుల్లతో గుచ్చి చెదలు ఉందేమో చూసింది, ఒక చోట పుల్ల మెత్తగా దిగింది.

కొళాయిలు నేను చూశాను. ఒకే 15 లీటర్ల బకెట్ అన్ని కొళాయిల కిందా పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో లెక్కపెట్టాం. బాత్రూములో నిమిషం పది సెకన్లు, వంటింట్లో మూడు నిమిషాలు దాటింది. మా బోరు నీళ్ళు ఉప్పు, కొళాయి జల్లెడలో తెల్లగా గడ్డకట్టి ఉంది. విప్పి నిమ్మరసంలో నానబెడితే నిమిషంన్నరకు వచ్చింది. రెండు అంకెలూ రాశాం.

అన్ని స్విచ్చులూ వేసి, అన్ని సాకెట్లలో చార్జర్ పెట్టి చూశాం, రెండు పనిచేయలేదు, అవి మా ఖర్చు. తాళంచెవులు ఎన్నో లెక్కపెట్టి గుత్తిని తెల్ల కాగితం మీద పరిచి ఫోటో తీశాం.

జూన్ 17, మంగళవారం

కాగితాలు. మొత్తం 101 ఫోటోలు, పేజీకి ఆరు చొప్పున ప్రింటు తీయిస్తే 17 పేజీలు, రాత పేజీలు ఇంకో నాలుగు. ప్రతి పేజీ అడుగున అమ్మ, ఆ అబ్బాయి సంతకాలు చేశారు. రెండు కాపీలు, ఒకటి వాళ్ళకు. అగ్రిమెంటు 11 నెలలది. అందులో "ఇంటి స్థితి అనుబంధంలో ఉన్న ప్రకారం" అని ఒక వాక్యం చేర్పించాం. డాక్యుమెంటు రైటరు ఇట్లాంటి వాక్యం ఎప్పుడూ రాయలేదన్నాడు, రాసి మాత్రం ఇచ్చాడు. బాడుగ 13 వేలు, అడ్వాన్సు 26 వేలు. మూడు నెలలది రెండు నెలలకు తగ్గించడానికి అమ్మ ఒప్పుకోవడానికి కారణం ఈ పుస్తకమే అని ఆమే చెప్పింది, మూడో నెల అడ్వాన్సు తీసుకునేది ఏం పాడుచేస్తారో తెలియని భయంతోనే కదా అని.

ఫోటోల ఫైళ్ళ గురించి కొంచెం జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారనే వివరం ఫైల్ లోపలి నుంచి పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది. అందుకని వాళ్ళకు అట్లాగే పంపాను, ఇద్దరి దగ్గరా ఒకే ఫైళ్ళు ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించినది. కోర్టులో ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో ఫైల్ హాష్ విలువ, అంటే ఫైల్ లోపలి సమాచారం నుంచి కంప్యూటరు లెక్కకట్టే కోడ్, కూడా రాయాలి. అంత దూరం వెళ్ళే పని మాకు రాకూడదు, రాదనే నమ్మకం, అయినా ఫైళ్ళన్నిటినీ ఒక జిప్‌గా చేసి దాని షా-256 కోడ్, 64 అక్షరాలు, పుస్తకం చివరి పేజీలో చేత్తో రాశాను. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ కోడ్ మారిపోతుంది కాబట్టి, తర్వాత ఎవరో ఫోటో మార్చారనే అనుమానం రాదు. ఆ అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో అదే జిప్‌కు కోడ్ తీసి, నేను రాసినదానితో అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. అతనికి ఈ భాగం బాగా నచ్చింది.

జూన్ 18, బుధవారం

పొద్దున నాలుగున్నరకు పాలు పొంగాయి. ఆ పెద్దావిడ మొదటి గ్లాసు అమ్మకు పంపింది.

నవంబరు 9, ఆదివారం

ఇన్ని నెలలూ రాయడానికి ఏమీ లేదు, ఒక స్విచ్చు వాళ్ళు మార్చుకున్నారు, కదిలే కడప బండ మేము బిగించాం. మన ఊరికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో చేసిన పరిశీలన వానాకాలం సంగతి చెప్పదు. అందుకే పుస్తకంలో ముందే ఒక ఖాళీ పేజీ వదిలి, వానల్లో ఒకసారి కలిసి చూడాలని రాసుకున్నాం. రెండు రోజుల ముందు మెసేజ్ పెట్టి, వాళ్ళకు వీలైన టైముకు పైకి వెళ్ళాం. ఇల్లు మాదే అయినా లోపల కాపురం వాళ్ళది, చెప్పకుండా గుమ్మం తొక్కకూడదు. నమూనా చట్టంలో 24 గంటల ముందు చెప్పాలని ఉంది.

బెడ్రూం రెండో గోడ పొడిగా ఉంది. అమ్మ అరచెయ్యి ఆనించి చూసి, మళ్ళీ రెండో చెయ్యి కూడా ఆనించింది. నెల్లూరు అక్కకు అక్కడి నుంచే వీడియో కాల్ చేసి ఆ గోడ చూపించింది.

కొత్తది ఒకటి కనిపించింది. హాల్లో పైకప్పు, మెట్ల వైపు మూల, పళ్ళెమంత గుండ్రటి మరక. జూన్ ఫోటో తీసి పక్కన పెట్టి చూస్తే అప్పుడు ఆ మూల తెల్లగా ఉంది. మిద్దె మీదికెళ్ళి చూస్తే పిట్టగోడ అడుగున సన్నటి పగులు, దాని పక్కనే వాన నీళ్ళు పోయే గొట్టం మూతికి వేపాకులు అడ్డం పడి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆకులు తియ్యాల్సింది ఎవరో పుస్తకంలో రాసుకోలేదు, మిద్దె ఇద్దరమూ వాడతాం. ఆ పెద్దావిడ, "నేను రోజూ ఒడియాలకో బట్టలకో పైకి పోతా కదా, ఆకులు నేను తీస్తా, పగులు మీరు చూసుకోండి" అంది. అదే మాట రాశాం. మరక చుట్టూ పెన్సిల్ గీత గీసి, పగులు రెండు చివర్లా అడ్డగీతలు పెట్టి తేదీ వేశాం, పగులు ఆ గీతలు దాటి పెరుగుతోందా లేదా చూడాలి. అమ్మ, ఆ అబ్బాయి సంతకాలు చేశారు. మేస్త్రి నాలుగు రోజులు ఎండ కాస్తే వస్తానన్నాడు.